దాలయ్య అడగని మాట

ఈ కథ చెప్పేవాడిలో ఒక సుగుణం ఉంది. తన గొంతు తనకే ముద్దొస్తుంది. కొందరు దీన్ని డాబంటారు. కాదు, పొదుపు. మెచ్చుకోమని ఇంకొకరిని బతిమాలక్కర్లేదు. పదిమంది కూర్చుంటే చెబుతాడు, ఒక్కరు కూర్చున్నా చెబుతాడు, ఎవరూ లేకపోతే ఇంకా బాగా చెబుతాడు. విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు కాదు. చదువుకుని ఉంటే ఈపాటికి మీరు లేచి వెళ్ళిపోయేవారు. కూర్చున్నారు కాబట్టి వినండి.

రాజులు పోయి చాలాకాలమైంది. కంప్యూటర్లు రావడానికి ఇంకా చాలాకాలముంది. ఆ రెంటి నడుమ, ఎప్పుడో ఒకప్పుడు, సముద్రం ఒడ్డున ఒక కొండ. కొండ మీద ఒక విశ్వవిద్యాలయం. అందులో ఒక లైబ్రరీ. లోపల అడుగుపెడితే పాత కాగితాల వాసన, కిటికీ తెరిస్తే ఉప్పుగాలి.

ఆ లైబ్రరీలో దాలయ్య అని ఒక అటెండరుండేవాడు. పిల్లలు చదివి బల్లల మీద వదిలేసిన పుస్తకాలు ఎత్తడం, దులపడం, అరల్లో పెట్టడం అతని పని. పొద్దున్న ఎత్తడం, దులపడం, పెట్టడం. మధ్యాహ్నం ఎత్తడం, దులపడం, పెట్టడం. సాయంత్రం కూడా అదే. మధ్యలో కాళ్ళు లాగితే మంచినీళ్ళ కుండ పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. పిల్లల్లో సగంమందికి అతని పేరు తెలీదు. కుండలో నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో తెలీనట్టే ఇదీ తెలీదు.

ఆ లైబ్రరీలో ఒక ఆచారముండేది. దాని పేరు దాచడం. దొంగతనం అనకూడదు, కోపమొస్తుంది. పరీక్షలొచ్చాయంటే అందరికీ అవే మంచి పుస్తకాలు కావాలి, అవేమో ఒక్కొక్కటే ఉండేవి. ఇంటికివ్వరు, అక్కడే చదువుకోవాలి. అందుకని సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆ ఒక్క పుస్తకాన్నీ దాని అరలో కాకుండా వేరే అరలో దాచి వెళ్ళేవారు, పొద్దున్నే వచ్చి తీసుకోవచ్చని. అందరూ పాత గెజిట్ల అరలోనే దాచేవారు. ప్రభుత్వం వాళ్ళు పంపే ఆ గెజిట్లను తెరిచినవాళ్ళు లేరు, తెరుస్తారన్న భయమూ లేదు. ఈ చోటు తనొక్కడికే తెలుసని ప్రతివాడూ అనుకునేవాడు. ఒకడు దాచి వెళ్ళగానే ఇంకొకడు దాచడానికి వచ్చేవాడు.

పశువైద్యం చదివే నూకరత్నం వంతు వచ్చింది.

ఆ తరగతికంతటికీ ఆమె ఒక్కతే ఆడపిల్ల. మొదటిరోజే తరగతి లీడరు పోలినాయుడు అడిగాడు.

"గేదె తంతే గోడెక్కేదానివి, నీకెందుకమ్మా ఈ చదువు?"

"నన్ను తన్నవు పోలినాయుడూ. మా గేదెలు మనిషిని చూసి తంతాయి."

తరగతంతా నవ్వింది. పోలినాయుడు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

పశువుల జబ్బుల మీద ఒక పుస్తకం ఉంది. లావుపాటిది, ఎర్ర అట్టది, లైబ్రరీ మొత్తానికి ఒక్కటే. ఆడపిల్లల హాస్టలు కొండకి అవతల ఉంది. అక్కడ ఉప్మా తిని, కొండెక్కి వచ్చేసరికి ఆ పుస్తకం పోలినాయుడి మోచేతికింద ఉండేది. మర్నాడు ఉప్మా మానేసి వచ్చింది. అప్పుడు ఇంకొకడి మోచేతికింద ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక సాయంత్రం పుస్తకం బల్ల మీద ఒంటరిగా కనిపించింది.

నూకరత్నం తెలివైంది. గెజిట్ల అర సంగతి ఆమెకి తెలుసు. పోలినాయుడు అటు వెళ్ళడం, చొక్కా సర్దుకుంటూ తిరిగి రావడం చూసింది. అందుకని ఇంకా మంచి చోటు వెతికింది. మెట్ల కింద ఒక గుట్ట ఉంది. అట్టలు ఊడినవి, వెన్ను విరిగినవి, బైండింగుకి పంపాల్సిన పుస్తకాలు. పంపాలి పంపాలి అని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నారు. ఆ గుట్ట మీద ఒక పిల్లి పిల్లల్ని పెట్టింది, ఆ పిల్లలు పెద్దవై అవి కూడా అక్కడే పిల్లల్ని పెట్టాయి. కదలని గుట్ట. నూకరత్నం ఎర్ర పుస్తకాన్ని దాని నడిమధ్యలో దూర్చి, చేతులు దులుపుకుని హాస్టలుకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న వచ్చేసరికి మెట్ల కింద ఏముంది? పిల్లి ఉంది.

ఇన్నేళ్ళూ రాని బైండరు మస్తాన్ సాహెబు, తెల్లారగానే తోపుడుబండి వేసుకుని వచ్చి, గుట్టంతా ఎత్తుకుని కొండ దిగిపోయాడు.

పుస్తకం లేదని పదిగంటలకల్లా తెలిసిపోయింది. లైబ్రేరియన్ భానుమూర్తి గారు బయటికొచ్చారు. ఆయన మంచివారే. కాకపోతే పుస్తకం కనిపించకపోతే కన్నబిడ్డ కనిపించనట్టు అయిపోయేవారు. ఆ గది వెతికించారు, ఈ గది వెతికించారు, గెజిట్ల అర వెతికించారు. పోయిన పుస్తకం తప్ప పోయాయని ఎవరికీ తెలియని పుస్తకాలన్నీ దొరికాయి. ఒక దువ్వెన, సగం తిన్న జంతికల పొట్లం కూడా దొరికాయి. జంతికలు ఎవరివో మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు.

భానుమూర్తి గారు పిల్లలందర్నీ నిలబెట్టి చెప్పారు.

"మూడోరోజు సాయంత్రంలోగా ఎవరు దాచారో తేలాలి. తేలితే వాళ్ళకి హాల్‌టికెట్ ఉండదు. తేలకపోతే ఆ మర్నాటినుంచి అరల దగ్గరికి ఎవర్నీ రానివ్వను. కిటికీలోంచి అడగండి, కిటికీలోంచి ఇస్తాం."

నూకరత్నం లెక్కవేసుకుంది. నోరు విప్పితే తన పరీక్ష పోతుంది. విప్పకపోతే పుస్తకం రాదు, అందరి పరీక్షా పోతుంది. అందరిలో తనూ ఉంది. ఎటు తిరిగినా ఇంటికే. ఇంటిదగ్గర వాళ్ళ నాన్న అప్పటికే ఊరందరికీ చెప్పేశాడు, మా పిల్ల వస్తే మీ గేదెలకి ఇంక భయం లేదని.

ఆ మధ్యాహ్నం ఆమె నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళింది. దాలయ్య స్టూలు మీద కూర్చుని కాలు నొక్కుకుంటున్నాడు.

"తాతా, ఆ ఎర్ర పుస్తకాన్ని..."

"నానడిగానేటి?" అన్నాడు దాలయ్య. "నీల్లు తాగమ్మా."

తాగి వెళ్ళిపోయింది. తోసేశాడనుకుంది. అందరూ ఒక్కటే అనుకుంది.

రెండోరోజు మళ్ళీ వెళ్ళింది. ఈసారి తెలివిగా మొదలుపెట్టింది.

"తాతా, నాకు తెలిసినావిడ ఒకావిడ ఉంది. ఆవిడేం చేసిందంటే..."

"నానడిగానేటి?" అన్నాడు. "నీకు తెలిసినావిడకి కూడా దాహమేస్తన్నాదేటో. ఇంకో గలాసు తాగు."

రెండు గ్లాసులు తాగి వెళ్ళింది. హాస్టలుకి వెళ్ళేదాకా ఏడవకూడదనుకుంది, మెట్ల దగ్గరే ఏడ్చింది.

మూడోరోజు పొద్దున్నే వెళ్ళింది. ఏమీ అనలేదు. కుండ పక్కన నేల మీద కూర్చుంది.

దాలయ్య అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"సూడమ్మా. లైబ్రరీ పెద్దబాబు నన్ను పిలిచి, దాసిందెవులో నీకు తెలుసా అంటే, తెలీదని సెప్పాల. నాకు అబద్దం ఆడ్డం రాదు. ఆడితే సెవులు ఎర్రబడతాయి. అందుకని నాకు తెలీకుండా ఉండాల. అర్దమైందా?"

నూకరత్నం తల పైకెత్తింది.

"ఎవులు అన్నది పెద్దబాబు పని. పుస్తకం అరలో ఎట్టడం నా పని. ఎవులని నానడిగానేటి? ఎందుకని అడిగానేటి? ఎక్కడని మాత్తరం అడుగుతున్నాను."

రెండు రోజులుగా చెప్పబోయి ఆగినది ఒక్క మాటలో బయటికొచ్చేసింది.

"బైండరు దగ్గర."

"అదీ! మస్తాను కాడుంటే మరి పోలేదన్నమాటే." దాలయ్య లేచి కండువా దులిపాడు. "ఇంక నువ్వు ఎల్లి మొకం కడుక్కో."

దాలయ్య కొండ దిగాడు. చేపల బజారు దాటాడు. మస్తాన్ సాహెబు కొట్లోకి వెళ్ళాడు. అప్పుడే సాహెబు ఎర్ర అట్ట పీకేసి, కుట్లు తెంపేసి, పుస్తకాన్ని మూడు కట్టలుగా విడదీసి ముందు పెట్టుకున్నాడు.

"ఇంత గట్టి పుస్తకాన్ని ఎందుకు పంపారయ్యా?" అన్నాడు సాహెబు. "కుట్లు విప్పడానికి నా గోళ్ళు అరిగిపోయాయి. ఎవరు పెట్టారు దీన్ని గుట్టలో?"

"నానడిగానేటి? ఇలాగిచ్చేయ్, అట్టుకుపోతాను."

"తమాషాగా ఉందా? కుట్టాలి, జిగురు పెట్టాలి, బరువు కింద ఆరాలి. వారం తరవాత రా."

"వారం తరవాత పరిచ్చలైపోతాయి సాహెబూ."

"అయితే? కుట్టు లేని పుస్తకం నా కొట్టు గడప దాటిందంటే మా నాన్న గోరీలోంచి లేచొస్తాడు!"

"వొస్తే నా కాడికి పంపు. నాను సర్ది సెబుతాను. మీ నాన్నకి నీకన్నా నాను బాగా తెలుసు."

సాహెబు నవ్వాపుకోలేకపోయాడు. మూడు కట్టల్నీ పాత చీర ముక్కలో మూటకట్టి ఇచ్చాడు.

"ఒక్క కాగితం ఎగిరిపోయినా నాకు చెప్పకు," అన్నాడు. "నేనూ అడగను."

సాయంత్రానికల్లా దాలయ్య కొండెక్కాడు. లోపలికి రాగానే పెద్ద బల్ల మీద మూట విప్పాడు. ఒక కట్ట ఈ చివర, ఒక కట్ట ఆ చివర, ఒక కట్ట నడుమ. పశువైద్యం పిల్లలు ఈగల్లా మూగారు. పోలినాయుడు మొత్తం మీద మోచెయ్యి వెయ్యబోయాడు. పుస్తకం మూడు చోట్ల ఉంది, మోచేతులు రెండే ఉన్నాయి. చివరికి నడుమ కట్టలోంచి కొన్ని పేజీల మడతొకటి తీసుకుని, పక్కవాడికి ఇంకో మడత ఇచ్చాడు. వాడు చదివింది వీడికి, వీడు చదివింది వాడికి. లెక్కపెట్టి పంచినవాళ్ళు లేరు. ఒక మడత నూకరత్నం చేతికొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ పుస్తకాన్ని ఆమె కూర్చుని చదివింది.

చడీచప్పుడూ లేదేమిటా అని భానుమూర్తి గారు బయటికొచ్చారు. తన పుస్తకం అట్ట లేకుండా, కుట్టు లేకుండా, చేతిచేతికీ తిరుగుతోంది.

"దాలయ్యా! ఏమిటిది?"

"పుస్తకం బాబూ."

"ఎక్కడ దొరికింది?"

"మస్తాను కాడ."

"అక్కడికెలా వెళ్ళింది? ఎవరు పెట్టారు?"

"నానడిగానేటి బాబూ? నాకెవులూ సెప్పలేదు."

నూకరత్నం అతని చెవులకేసి చూసింది. నల్లగానే ఉన్నాయి.

"అడగకపోతే ఎలా? తప్పు చేసినవాళ్ళని వదిలేస్తామా?"

దాలయ్య చేతులు కట్టుకున్నాడు.

"అడిగితే మనిసి దొరుకుతాడు బాబూ, పుస్తకం దొరకదు. రేపటినుంచి దాసినోల్లు బయపడి, తెచ్చి ఎట్టడం మానేత్తారు. సముద్రం దగ్గిరే కదా, అందులో పారేత్తారు. మీకు మనిసి కావాలో పుస్తకం కావాలో సెప్పండి. రెండోది తెచ్చాను, అది నా సేతనైంది."

కిటికీలోంచి గాలి వీచి, ఒక మడత బల్ల మీదనుంచి జారి భానుమూర్తి గారి కాళ్ళ దగ్గర పడింది. వంగి తీశారు. ఎదురుగా నూకరత్నం నిలబడి ఉంది. ఇమ్మని చెయ్యి చాపింది. రెండో చేతిలో ఇంకో మడత ఉంది, తల మాత్రం ఎత్తలేదు. ఆయన ఆ చేతిని చూశారు, ఆ ముఖాన్ని చూశారు. నోరు తెరిచారు.

"చేతిలోది అయ్యాక ఇది చదువు," అన్నారు. "వరస తప్పితే అర్థం కాదు."

వెనక్కి తిరిగి తన గదివైపు నడుస్తూ, "దాలయ్యా, పరీక్షలయ్యాకే కుట్టించు," అన్నారు.

నూకరత్నం అక్కడే కూర్చుండిపోయింది. మూడు రోజుల బరువు దిగిపోయింది. పోలినాయుడు పక్కకి వంగి, "ఏమిటి, గేదె తన్నిందా?" అన్నాడు. "తన్నలేదు, వదిలేసింది," అంది. పకపకా నవ్వింది. దాలయ్య కుండ దగ్గరినుంచి "ఉష్!" అన్నాడు. లైబ్రరీ కదా.

ఆ ఏడు తరగతిలో ఒక్కరూ తప్పలేదు. జంతికల పొట్లం వాడు కూడా గట్టెక్కాడు.

ఆ తరవాత నీళ్ళ కుండ పక్కన దాలయ్య ఒక చిన్న బల్ల వేశాడు. దాని మీద ఏమీ రాయలేదు. పెట్టిన మర్నాటినుంచే పుస్తకాలు వచ్చాయి. దాచినవి, ఇంటికి పట్టుకుపోయినవి, పేజీ చింపినవి చింపిన పేజీతో సహా. బల్లకి వీపు పెట్టి దాలయ్య స్టూలు మీద కూర్చునేవాడు. వెనక చప్పుడైతే తిరిగేవాడు కాదు. అడుగులు దూరమయ్యాక లేచి ఎత్తేవాడు, దులిపేవాడు, అరలో పెట్టేవాడు.

కాలం గడిచి దాలయ్య పోయాడు. కబురు తెలిసిన రోజున ఆ బల్ల మీద పుస్తకాలు పట్టలేదట, నేల మీద కూడా పెట్టారట. నూకరత్నం అప్పటికి పెద్ద పశువుల డాక్టరు. జీపులో వచ్చి, లోపలికి పోకుండా కుండ దగ్గర ఒక గ్లాసు నీళ్ళు తాగి వెళ్ళిందట.

ఇప్పుడక్కడ కుండ లేదు, మిషనుంది. కంప్యూటర్లు కూడా వచ్చేశాయి. బల్ల మాత్రం ఉంది. దాన్ని దాలయ్య బల్లంటారు. దాని మీద పుస్తకం పెట్టేవాళ్ళకేసి ఎవరూ చూడరు. పరీక్షల నెలలో ఒక్కటే ఉన్న పుస్తకాల కుట్లు విప్పి పెద్ద బల్ల మీద పెడతారు, సెలవులిచ్చాక కుట్టిస్తారు. కొత్తగా చేరిన పిల్లలెవరైనా "ఎవరు తెచ్చారిది?" అంటే, చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్క గొంతుతో అంటారు:

"నానడిగానేటి?"

ఈ కథ చెప్పేవాడు కూడా వెళ్ళి ఆ బల్ల పక్కన కూర్చుని వచ్చాడు. వెనక పుస్తకం పెట్టిన చప్పుడైంది. తిరిగి చూశాడు. ఇంకోసారి వెళ్ళాడు, ఇంకోసారీ తిరిగి చూశాడు. చూడకుండా కూర్చోవడం అతనికి ఇంకా రాలేదు.