కోరయ్య పడవకు పెద్ద పంకా

నది సముద్రంలో కలిసేచోట ఒక మడ అడవి ఉంది. అందులో దుప్పులు, కుందేళ్లు, అడవి పందులు, నీటికుక్కలు ఉండేవి. ఉప్పెన వచ్చిందంటే అడవంతా మునిగేది. పెద్దవి ఎలాగో ఈదుకుంటూ ఎదుటి ఇసుకదిబ్బకు చేరేవి. పిల్లలకు మాత్రం తెరచాప పడవే దిక్కు. గాలి ఉంటే చాప, లేకపోతే చిన్న ఇంజను.

ఒకసారి ఆ పడవ మోడుకు తగిలింది. నీళ్లను వెనక్కి తోసే ఇంజను పంకా విరిగిపోయింది. పడవ పనులు చూసే నీటికుక్క పేరు మునకమ్మ. అది వెతికి వెతికి పది అంగుళాల పంకా ఒకటి తెచ్చింది.

అడవికి పెద్ద కోరయ్య అనే పంది. పంకాను చూసి మూతి ముడిచాడు.

"ఇదేంటే, పిల్లల ఆటబొమ్మలా ఉంది! అవతలి లంకలో దున్న పడవకు పదహారు అంగుళాలదట. మనకు పద్దెనిమిదైనా ఉండొద్దూ?"

"దున్న ఇంజను మనదానికి నాలుగింతలు, పెద్దయ్యా. అంత పంకాను మన ఇంజను తిప్పలేదు. చాప ఎత్తినా అది నీళ్లకు అడ్డంపడి పడవను సాగనివ్వదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంటుంది," అంది మునకమ్మ.

పక్కనున్న కొంగ మెడ సాచింది. "పెద్దల పడవకు పెద్ద పంకా! ఇందులో ఆలోచించేదేముంది?"

ఆ మాట కోరయ్యకు భలే నచ్చింది. చిన్న పంకాను మూతితో ఎత్తి బురదలోకి విసిరేశాడు. వారం తిరక్కుండా కొంగ ఎక్కడినుంచో పద్దెనిమిది అంగుళాలది తెప్పించింది. దానికి పూలదండ వేసి అడవంతా ఊరేగించారు. నీళ్లలో మునిగి ఎవరికీ కనపడని వస్తువుకు ఊరేగింపు! ఏం చెప్పమంటారు ఆ బడాయి?

బిగించాక మునకమ్మ బతిమాలింది. "ఒక్కసారి పడవను గుంజకు కట్టి ఇంజను నడిపి చూద్దాం. నల్లపొగ కక్కితే పంకా పెద్దదైనట్టే."

"శుభమా అని పంకా వేస్తే పరీక్షలా? నీ పిల్లలకు ఈతొచ్చు, నీకేం పోయింది?" అని కసిరాడు కోరయ్య.

మునకమ్మ నోరు మూసుకుంది. మూసుకోకుండా ఉండాల్సింది.

ఆ నెలలోనే ఉప్పెన వచ్చింది. తొమ్మిదిమంది పిల్లల్ని పడవ ఎక్కించారు. కోరయ్య చిన్న కూన కూడా అందులోనే ఉంది. చాప ఎత్తారు. ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు పడవ ఈడ్చుకుంటూ సాగింది. నది మధ్యలో గాలి పడిపోయింది. ఇంజను వేశారు. అది మూలిగింది, నల్లపొగ కక్కింది, ఆగిపోయింది. పెద్ద అల వచ్చి పడవను బోల్తా కొట్టించింది.

పడవ వెంటే ఈదుతున్న మునకమ్మ, దాని పిల్లలు నీళ్లలో మునిగి ఒక్కొక్కరినీ ఒడ్డుకు లాగారు. ఎనిమిదిమంది దొరికారు. కోరయ్య కూన దొరకలేదు. కొంగ అంటారా? అది ఎప్పుడో ఎగిరిపోయింది.

నీళ్లు తీశాయి. కోరయ్య తిండి మానేసి బురద తవ్వడం మొదలుపెట్టాడు. మూడు రోజులు తవ్వాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పడవను మునకమ్మ బాగుచేస్తుంటే, తాను విసిరేసిన చిన్న పంకాను నోట కరుచుకొచ్చి దాని ముందు పెట్టాడు.

"ఇది సరిపోతుందా, తల్లీ?" అన్నాడు.

"అప్పుడూ సరిపోయేదే," అంది మునకమ్మ.

నీతి: పంకాను ఇంజను బలం చూసి వెయ్యాలి గానీ మన గొప్ప చూసి కాదు, పెద్దల బడాయికి బలయ్యేది పిల్లలే.