మారెక్క భుజం

కొండ ఉంది, దాని మీద కోట ఇంకా లేదు. అప్పటి మాట ఇది. ఊఁ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి, కొట్టనివాళ్ళు దూరం నుంచే వినండి.

ఎర్రబండ కొండ మీద కోట కట్టాలని ఆ సీమనేలే రాజుకు బుద్ధి పుట్టింది. రాజుకు బుద్ధి పుడితే తట్టలు ఎక్కేది ఊరివాళ్ళ నెత్తికే కదా. చుట్టుపక్కల ఊళ్ళ ఆడా మగా కొండకు నడిచారు. కొందరు సున్నం మోశారు, కొందరు ఇసుక మోశారు, కొందరు నీళ్ల కడవలు మోశారు. పొద్దు వాలాక తలా ఇన్ని జొన్నలు కొలిచి పోసేవాళ్ళు.

ఆ కొండ దారికి మూడు మలుపులు. మొదటి మలుపు దాకా జనం కబుర్లాడుకుంటూ ఎక్కేవాళ్ళు. రెండో మలుపు దాకా రొప్పుకుంటూ ఎక్కేవాళ్ళు. మూడో మలుపు దగ్గరికొచ్చేసరికి కళ్ళు బైర్లు కమ్మేవి.

మరి బరువు దించి కాసేపు కూర్చోవచ్చు కదా అంటారేమో. దించొచ్చు. దించితే ఎత్తేదెవరు? నిండు తట్టను ఎవరికి వాళ్ళు నెత్తికెత్తుకోలేరు. ఎదురుగా ఇంకొకరు నిలబడి చెయ్యి వెయ్యాలి. ముందున్నవాళ్ళ నెత్తిన తట్ట, వెనకున్నవాళ్ళ నెత్తిన తట్ట. దారి ఇరుకని, దిగేవాళ్ళను కొండ అవతలి నుంచి దింపేవాళ్ళు. ఇక ఖాళీ చేతులెక్కడివి? అందుకని ఎవరూ దించేవాళ్ళు కాదు.

ఆ మోసేవాళ్ళలో మారెక్క అని ఒకామె ఉండేది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. ఒకనాడు తడి ఇసుక తట్ట కింద ఆమె మెడ కలుక్కుమంది. ఆ మెడ మళ్ళీ నిలబడలేదు. తల ఎడమకు వాలి అట్లాగే ఉండిపోయింది.

"ఆ మెడతో నువ్వేం మోస్తావు? ఇంటికి పో" అన్నాడు పనులు చూసే కోనపనాయుడు.

ఇంటికి పోతే ఇంట్లో ఏముంది? మారెక్క పోలేదు. మెల్లగా కొండెక్కి మూడో మలుపులో నిలబడింది. ఎవరు రొప్పుతూ వచ్చినా ఒకటే మాట.

"దించు నాయనా. ఎత్తడానికి నేనున్నా."

"ఏమే వంకరమెడా, నీ తలే నీకు లేవదు, నా తట్ట ఎత్తుతావా?" అన్నాడు సున్నం మోసే మల్లప్ప.

"నా తల వంకరైతే నీ తట్ట వంకరవుతుందా? ముందు దించురా!"

మల్లప్ప దించాడు. కూర్చున్నాడు. ఊపిరి తీసుకున్నాడు. ఆమె చెయ్యి వేస్తే తట్ట తేలిగ్గా నెత్తికెక్కింది. మర్నాటి నుంచి వంకరమెడ అన్న మాట ఆ దారిలో వినపడలేదు. సద్దిమూట విప్పిన ప్రతివాళ్ళూ ఒక ముద్ద తీసి మారెక్కకు పెట్టేవాళ్ళు.

కోనపనాయుడు మొదటిసారి వచ్చి గదిమాడు. మారెక్క బండ వెనక్కి పోయింది. ఆయన అటు తిరగగానే ఇటు వచ్చేసింది. రెండోసారి వచ్చి బెత్తం ఆడించాడు. మారెక్క బండ వెనక్కి పోయింది. ఆయన అటు తిరగగానే ఇటు వచ్చేసింది. మూడోసారి గదమనూ లేదు, బెత్తం ఆడించనూ లేదు. దండోరా వేయించాడు. "దారిలో ఎవరి బరువు నేలకు తగిలితే వాళ్ళకు ఆ పూట జొన్నల్లేవు!"

పాపం, ఆయన భయం ఆయనది. వానల్లోపు గోడ లేవకపోతే రాజు ఊరుకోడు.

మర్నాడు నీళ్ల కడవతో ఈరమ్మ వచ్చింది. నెలలు నిండిన మనిషి. మొగుడు జ్వరంతో మంచాన ఉన్నాడు. ఆ పూట జొన్నలు రాకపోతే ఆ ఇంట పొయ్యి వెలగదు. మూడో మలుపులోకి వచ్చేసరికి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతోంది. ఒక చెయ్యి కడవ మీద, ఒక చెయ్యి పొట్ట కింద.

"దించు తల్లీ. ఎత్తడానికి నేనున్నా."

"వద్దక్కా. నేలకు తగిలితే జొన్నలు పోతాయి."

"మొండితనం చెయ్యబాకమ్మే. నువ్వు పడితే బిడ్డేం కావాలి?"

"నన్నేం చెయ్యమంటావక్కా?" అని ఈరమ్మ ఏడ్చింది.

మారెక్క నేల వంక చూసింది. కడవ వంక చూసింది. ఈరమ్మ పొట్ట వంక చూసింది. తల ఎడమకు వాలిపోయింది కదా, కుడి భుజం పీట వేసినట్టు ఖాళీగా ఉంది. ఒక అడుగు ముందుకేసి ఆ భుజం చూపించింది.

"నేలకే కదా తగలకూడదు. ఇక్కడ పెట్టు."

ఈరమ్మ కడవ ఆ భుజం మీద పెట్టి, బండకు వీపు ఆనించి కూలబడింది. అంతలో కోనపనాయుడు రానే వచ్చాడు.

"ఏమిటిది? దించొద్దని చెప్పానా లేదా?"

"నేలకు తగల్లేదు సామీ. వంగి చూసుకో."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాయుడు వంగనైతే వంగలేదు గానీ, ఈరమ్మ వంక చూశాడు. "కానీండి, కానీండి" అంటూ పైకి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి మూడో మలుపులో మాట మారింది. "పెట్టు తల్లీ. ఎత్తడానికి నేనున్నా." తట్టలు, కడవలు, మూటలు, అన్నీ ఆ భుజం మీదే ఆగి పైకి వెళ్ళాయి. ఈరమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా చల్లగా ఉన్నారు.

గోడ లేచింది. తలవాకిలి పని మిగిలింది. వానలు పట్టుకున్నాయి. వానలో కూడా మారెక్క అక్కడే నిలబడింది. తడిసి తడిసి జ్వరం తగిలింది. ఆ జ్వరంలోనే పోయింది.

ఆమెను మట్టి చేసిన మర్నాడు వరస మూడో మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. నెత్తిన బరువులతో అందరూ అట్లాగే నిలబడ్డారు. ఉన్నట్టుండి మల్లప్ప తట్టను నేలకు దించేశాడు. "పోతే పోనీ జొన్నలు!" అన్నాడు. అందరూ దించారు.

అక్కడే తలవాకిలి అరుగుకని చెక్కిన పలకరాయి ఉంది. రెండు రాళ్ళు నిలబెట్టి, వాటి మీద ఆ పలక పెడదామన్నారు. ఎంత ఎత్తున? పొడుగువాళ్ళు ఇంత అన్నారు, పొట్టివాళ్ళు అంత అన్నారు. బిడ్డను చంకనేసుకున్న ఈరమ్మ ముందుకొచ్చి గాలిలో చెయ్యి చాచింది.

"ఇదీ మా అక్క భుజం" అంది.

రాళ్ళు నిలిచాయి. పలక మాత్రం లేవలేదు. దారి ఇరుకు, వెనకవాళ్ళు ముందుకు రాలేరు. పట్టేందుకు ఒక మనిషి తక్కువైంది. అప్పుడే కోనపనాయుడు వచ్చాడు.

"అది తలవాకిలి రాయిరా!"

"తెలుసు సామీ" అన్నాడు మల్లప్ప. "ఎత్తేదెవరా అని ఆగినాం."

నాయుడు నిలబెట్టిన రాళ్ళ వంక చూశాడు. తర్వాత బెత్తం పక్కన పడేసి, పలక కింద చెయ్యి వేశాడు. పలక లేచింది.

ఇప్పుడా కోట పాడుబడింది. కట్టించిన రాజు పేరు ఎవరికీ తెలియదు. తలవాకిలికి నేటికీ ఒకవైపే అరుగు. మూడో మలుపులో పలక మాత్రం చెక్కుచెదరలేదు. కోట చూడబోయినవాళ్ళు సంచులు, నీళ్ల సీసాలు దాని మీద పెట్టి ఊపిరి తీసుకుంటారు. తిరిగి ఎత్తుకునేటప్పుడు పక్కన ఎవరుంటే వాళ్ళు, ముక్కూ మొహం తెలియకపోయినా సరే, ఒక చెయ్యి వేస్తారు.

ఇంకొకటి కూడా ఉంది. ఈరమ్మ ఏడాదికోసారి కూతుర్ని ఆ పలక పక్కన నిలబెట్టి భుజం అందిందేమో చూసుకునేదట. ఇప్పుడు అందరూ తమ పిల్లల్ని నిలబెడతారు. అందనివాళ్ళు మునివేళ్ళ మీద లేస్తారు. "మడమలు దించు" అని పెద్దవాళ్ళు నవ్వుతారు. భుజం అందిన పిల్లను మాత్రం అక్కడే నిలబెట్టి, కింది మలుపు వంక చూడమంటారు. ఎంతోసేపు పట్టదు. ఎవరో ఒకరు బరువుతో రొప్పుతూ వస్తారు. అప్పుడు ఆ పిల్ల ఎవరూ నేర్పకుండానే అంటుంది:

"ఇక్కడ పెట్టండి. ఎత్తడానికి నేనున్నా."