నత్త గీత తెగిన చోటు

ఆ ఏడు వాగు ఎండిపోయి ఇసుక మిగిలింది. ఆ ఇసుకలో, ఒక బండ పక్కన, ఒకే ఒక్క పుచ్చకాయ. అది కుందేలుది. కాలు విరిగి బండ సందులో పడున్న కుందేలు దూరంగా ఉన్న మడుగు దాకా నడవలేదు. కాయ పండితే ఆ నీళ్లతో కాలు అతుక్కునేదాకా బతుకుతుంది, లేకపోతే లేదు.

కాపలా నేనుంటానని ముళ్లపంది ముందుకొచ్చింది. అది కాయ వైపు చూసిన చూపు కుందేలుకి నచ్చలేదు. చివరికి నక్కని పెట్టారు. మాంసం తినేవాడికి పుచ్చకాయతో ఏం పని అని వాళ్ల ధీమా. పుచ్చతోట వేసిన ఏ రైతుని అడిగినా పొట్ట పట్టుకుని నవ్వేవాడు, కానీ వాళ్లు అడగలేదు.

అయినా కుందేలుకి లోపల ఎక్కడో అనుమానం. నత్తని కూడా పెట్టింది. నత్త బండ మీద రోజుకి బెత్తెడు పక్కకి జరగాలి, కాయ ఎంత ఎత్తు పెరిగితే తనూ అంత ఎత్తుకి పాకాలి. వెనకాల జిగురు గీత మెరుస్తూ ఉంటుంది. మొదట్లో గీత నిటారుగా ఎక్కింది. కాయ ముదిరేకొద్దీ వాలు తగ్గింది. గీత చదునైన రోజు కాయ కోయాలి. కుందేలు సందులోంచి ఆ గీతనే చూస్తూ రోజులు వెళ్లదీస్తోంది.

కోతకి ఇంకో రెండు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం ఎండకి నత్త గుల్లలోకి ముడుచుకుంది. కుందేలు కునుకు తీసింది. నక్క కాయ తినేసింది. తొక్కలు ఇసుకలో పాతి, అవతలి ఒడ్డు తోటలో మిగిలిన ఒకే ఒక్క కాయని తెచ్చి, తొడిమని ఆకుల కింద దాచిపెట్టింది. తీరా చూస్తే కొత్త కాయ బెత్తెడు ఎత్తెక్కువ. నత్తేమో కింద ఉంది. నక్క కాసేపు ఆలోచించి, గుల్లని పళ్లతో మెల్లగా పట్టుకుని, కొత్త కాయ ఎత్తుకి అతికించింది. మొదలూ సరే, చివరా సరే అనుకుని మూతి నాక్కుంది.

సాయంత్రం ముళ్లపంది వచ్చింది. దానికి తన నీడ మీద కూడా నమ్మకం లేదు. కాయ చుట్టూ తిరిగి వాసన చూసి, ఏదో తేడాగా ఉంది, రహస్యంగా కుంటుకుంటూ వచ్చి కాయని కదిలించింది నువ్వేనా అని కుందేలునే నిలదీసింది. మొదట్నించీ కాయ మీద కన్ను ఎవరిదో అందరికీ తెలుసంది కుందేలు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి, సరిగ్గా చూడలేదని నత్త మీద పడ్డారు. నక్క పెద్దమనిషిలా తలూపుతూ, అందరూ మంచివాళ్లేనని సర్దిచెప్పింది.

అప్పుడు ముళ్లపంది చూపు బండ మీద ఆగింది. గీత ఒకచోట తెగింది. బెత్తెడు పైన నత్త ఉంది. మధ్యలో పొడి బండ.

"నత్తమ్మా, ఇక్కణ్ణించి అక్కడికి ఎలా వెళ్లావు?"

"తెలీదక్కా. కళ్లు తెరిచేసరికి ఇక్కడున్నా."

"ఎగిరిందేమోలే," అంది నక్క.

నత్త ఎగరడం ఊహించుకుని కుందేలు నొప్పి మరిచిపోయి నవ్వింది.

ముళ్లపంది మాత్రం నవ్వలేదు. "సరే బావా. పొద్దున కాయ ఇంత, ఇప్పుడు అంత. మధ్యలో ఈ పొడి చోటు ఎత్తుకి కాయ ఎప్పుడొచ్చింది? కాపలా నువ్వే కదా."

"అదీ... ఒక్కసారిగా పెరిగింది."

"ఇన్నాళ్ల గీతలో అలా ఒక్కసారైనా పెరిగిందా? పెరిగే కాయ దారిలో ఉన్న ప్రతి ఎత్తూ తాకుతూ వస్తుంది. తాకకుండా వచ్చిందంటే ఎవరో మోసుకొచ్చారు. ఏదీ, నోరు తెరువు."

నక్క నోరు తెరవలేదు. గడ్డం కింద మాత్రం నల్ల గింజ ఒకటి అంటుకుని ఉంది.

తెచ్చిన కాయ కుందేలుకే ఇచ్చారు. అది సగం పచ్చిది, రెండు రోజులకి కూడా చాలలేదు. అందుకని కాలు అతుక్కునేదాకా కుందేలుని మడుగుకి మోసే పని నక్కకి పడింది. వీపు మీద కుందేలు, వెనక ముళ్లు విప్పుకుని ముళ్లపంది.

"ఎగరకు బావా," అంటుంది కుందేలు అడుగడుక్కీ. "నత్తలా వెళ్లు."

మొదలూ చివరా సరిపెట్టుకున్న దొంగ మధ్యలో దొరుకుతాడు.