తుపాను పటంలో చిలుక కన్ను

ఏడు తరాల కిందటి మాట నాయనలారా, అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి పట్టాడు, రెండోవాడు గుర్రపు కళ్ళెం పట్టాడు, మూడోవాడు మణిధరుడు మాత్రం బొమ్మలు రాసే కలం పట్టాడు. పటాలు రాసేవారి ఇంటి పిల్ల మందారిక పక్కన చేరి రంగులు నూరేవాడు.

"రంగుల చేతులతో రాజ్యం ఏలతాడట!" అని అన్నలు నవ్వేవారు.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు వచ్చి కొలువులో ఒక పటం వేలాడదీశాడు. నల్లటి మబ్బులు, ఏడు సముద్రాల హోరు, నడుమ ఒక పడవ, ఆవలి గట్టున గాలికి ఒరిగిన చెట్టు, దాని కొమ్మన ఒక చిలుక. చూసినవారందరికీ గుండె జారిపోయింది.

"మునిగిపోతున్న ఆ పడవే నీ రాజ్యం, రాజా! మూడు రోజుల్లో నీ కొడుకుల్లో ఒక్కడైనా ఈ పటంలోకి వెళ్ళి తిరిగి రావాలి. లేదా సింహాసనం నాది" అన్నాడు.

మొదటినాడు పెద్దవాడు కత్తి దూసి దూకాడు, రాలేదు. రెండోనాడు రెండోవాడు గుర్రంతో దూకాడు, రాలేదు. మూడోనాడు మణిధరుడు దూకలేదు. పటం ముందు కూర్చుని చూశాడు, చూశాడు.

"ఏం బాబూ, భయమా?" అంది గోడమీది బల్లి.

"కాదు బల్లమ్మా! ఆ పడవ మునగడం లేదు. తెరచాప నిండుగా ఉంది, ముక్కు అలకు ఎదురుగా ఉంది. అది వెళుతోంది!"

"ఇన్నాళ్ళకు చూడటం తెలిసినవాడు వచ్చాడు! అయితే విను. కరాళుడి ప్రాణం ఆ చెట్టుమీది చిలుకలో ఉంది. నేను వాడి ఇంటి నుంచి ఈ పటం చుట్టలోనే వచ్చాను, రాస్తుంటే చూశాను."

మందారిక దగ్గరకు వచ్చి చిలుకను పరికించింది.

"బాబుగారూ, దీనికి కన్ను లేదు! మా ఇంట ఏ బొమ్మకైనా కన్ను ఆఖరున తెరుస్తాం. తెరిచాక బొమ్మ ఇక మా చేతిలో ఉండదు. ఎగిరిపోతుందనే వాడు తెరవలేదు. కత్తి వద్దు, కలం పట్టుకెళ్ళండి."

మణిధరుడు పటంలోకి అడుగేసి పడవెక్కాడు. ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. చెట్టెక్కి, దేవుణ్ణి తలచుకుని, ఒక్క చుక్క పెట్టాడు.

చిలుక కన్ను తెరిచింది. పటం దాటి, కిటికీ దాటి ఆకాశంలోకి పోయింది. దానితోపాటే ప్రాణం పోయి, కొలువులో కరాళుడు బూడిదై రాలాడు. అలల్లోంచి లేచిన అన్నలను, గుర్రాన్ని పడవలో ఎక్కించుకుని మణిధరుడు తిరిగొచ్చాడు.

"ఆ రంగు మా చేతులకూ కాస్త పుయ్యరా తమ్ముడూ!" అన్నారు అన్నలు.

మందారికతో పెళ్ళయింది, పట్టాభిషేకమైంది. పటం తీయించమన్నారు మంత్రులు. మణిధరుడు ఒప్పుకోలేదు. అదే మబ్బు, అదే హోరు కొలువులో అలాగే ఉండిపోయాయి. ఆయన చల్లగా ఏలిన అరవై ఏళ్ళూ, ఆ ఇంట పుట్టిన ప్రతి బిడ్డనూ దాని ముందు నిలబెట్టి అడిగేవారు:

"పడవ ఏం చేస్తోందమ్మా?"

బిడ్డ తల ఎత్తి చెప్పేది: "వెళుతోంది!"