పేషెంటుగా పడుకున్న నక్క

వాగు దాటగానే వచ్చే చింతతోపులో ఉంది ఆసుపత్రి. అడవి మొత్తానికీ అదొక్కటే. పొట్టేలు డాక్టరు, ఎలుగుబంటి నర్సు, నక్క కాంపౌండరు కలిసి నడిపేవాళ్ళు. ముగ్గురూ మంచివాళ్ళే. కాకపోతే తప్పనిసరి శిక్షణ అన్న మాట వింటే చాలు, ముగ్గురికీ ఒకేసారి తలనొప్పి వచ్చేది.

ఆగిన గుండెను మళ్ళీ ఆడించడం ఎలాగో నేర్పే శిక్షణ అది. ఏటేటా జరగాలని సింహంగారి ఉత్తర్వు. నేర్పేది ఎద్దు మాస్టారు. గడ్డి కుక్కిన గోనెసంచి బొమ్మను వీపున వేసుకుని దిగేవాడు.

"ఈ సర్వీసులోనే నా కొమ్ములు మెలి తిరిగాయి. నాకిప్పుడు పాఠాలా?" అని డాక్టరు సణిగేవాడు.

"మీకు నా సెలవురోజే దొరికిందా మాస్టారూ? ఇంట్లో పిల్లలకి తేనె ఎవరు తెచ్చిపెడతారు?" అని ఎలుగు సిస్టరు దెబ్బలాడేది. దెబ్బలాడుతూనే కొంగు బిగించి బొమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చునేది. డాక్టరూ సణుగుతూనే బొమ్మ రొమ్ము నొక్కేవాడు.

నక్క మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. "మాస్టారూ, బొమ్మని పిలిస్తే ఏం పలుకుతుంది? పేషెంటుగా నేను పడుకుంటా. భుజం తట్టి పిలవడం, ఊపిరి చూడడం నా మీద నేర్పండి. నొక్కుడు మాత్రం బొమ్మ మీదే సుమా!"

"ఎంత సాయమయ్యా నీది!" అని ఎద్దు మురిసిపోయేవాడు. పాఠం సగం కాకముందే నక్క గురక పెట్టేది. హాజరు మాత్రం పడేది.

"ఒక్కసారైనా నొక్కి చూడవయ్యా," అనేది సిస్టరు.

"ప్రతి ఏడూ చూస్తూనే ఉన్నాగా సిస్టర్!" అనేది నక్క. కళ్ళు మూసుకుని ఏం చూసేదో మరి.

ఒక మధ్యాహ్నం సిస్టరు గుడ్డలు జాడించడానికి వాగుకు వెళ్ళింది. డాక్టరు మజ్జిగన్నం ముందు కూర్చుని, "ఒరేయ్ నక్కా, ఆ ఊరగాయ ముక్క..." అంటూ పక్కకి ఒరిగిపోయాడు. కళ్ళు తేలేశాడు. డొక్క కదలడం లేదు.

నక్క హడలిపోయింది. నక్కని నమ్మకండని అడవంతా మొత్తుకున్నా, మందుల బీరువా తాళం తన చేతిలో పెట్టిన పెద్దాయన! ఆయనంటే నక్కకి ప్రాణం. ఏదో ఒకటి చేయాలి. ఏటేటా చేసిందే ఒంటికి గుర్తొచ్చింది. గబగబా వెళ్ళి డాక్టరు పక్కనే వెల్లకిలా పడుకుంది.

పడుకున్నాక గానీ తెలియలేదు, ఈసారి పేషెంటు తను కాదని. లేచి, "సిస్టరోయ్! కొంప మునిగింది, రా!" అని తోపంతా దద్దరిల్లేలా కేక పెట్టింది.

ఎలుగు తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది. భుజం తట్టి పిలిచింది. ఊపిరి చూసింది. రొమ్ము నడుమ రెండు చేతులూ ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. కాసేపటికి ఒగురుస్తూ, "నా చేతులు పడిపోతున్నాయి. నువ్వు పట్టు," అంది.

"నాకు రాదక్కా!"

"ఏటేటా శిక్షణలో ఉన్నావు కదయ్యా!"

"పడుకుని ఉన్నానక్కా!"

తిట్టడానికి కూడా వ్యవధి లేదు. "చేతులిక్కడ పెట్టు. మోచేతులు వంచకు. నొక్కు. గట్టిగా! పూరీపిండి కలుపుతున్నావా? వేగంగా! వదిలినప్పుడు రొమ్ము పైకి లేవనీ."

నక్క ఏడుస్తూ నొక్కింది. నక్క అలిసిపోతే ఎలుగు, ఎలుగు అలిసిపోతే నక్క. ఇక ఆశ వదులుకోవాలేమో అనుకుంటుండగా పొట్టేలు దగ్గాడు. ఊపిరి లాగి కళ్ళు విప్పాడు.

సాయంత్రం మంచం మీద నుంచి నీరసంగా అడిగాడు. "నా పక్కటెముకలు ఇలా పిండి చేసిందెవర్రా?"

"మిమ్మల్ని బతికించింది నేనేనండీ" అనే మాట నక్కకి నాలుక చివరిదాకా వచ్చింది. సిస్టరు వాచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుని ఉంది. ఆ చేతులు చూసి నక్కకే సిగ్గేసింది.

"సిస్టరండీ. చెప్తూ చెప్తూ నా చేత కూడా నొక్కించింది. ఆమె వచ్చేలోపు నేను చేసింది ఒక్కటే... మీ పక్కన పడుకున్నాను."

డాక్టరు పకపకా నవ్వబోయి, రొమ్ము పట్టుకుని మూలిగాడు. "నవ్వించకురా, మళ్ళీ పోతాను!"

నీతి: ఆపదలో మన చేతులు చేసేది, తీరికలో వాటికి మనం నేర్పినదే.