చెరిపేసిన పుట్టుమచ్చ

అనకాపల్లిలో ఫొటో స్టూడియో నడిపే వరహాలరావు మంచి పనివాడే గానీ, వచ్చిన మనిషి హోదా చూసి పని చేసేవాడు. ఉన్నవాళ్లు వస్తే లైట్లన్నీ వెలిగేవి. మామూలు మనుషులు వస్తే ఒక్కటే వెలిగేది. వాళ్లను తెల్లగుడ్డకు ఆనించి నిలబెట్టి, కెమెరాలో ఏ మీటా తిప్పకుండా ఫొటో కొట్టేసేవాడు. వెనకంతా తెల్లగా ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని ముఖాన్ని మరీ నల్లగా చూపిస్తుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. అయినా, "నీ రంగే అలాంటిదమ్మా, నేనేం చెయ్యను?" అనేవాడు. ఎంత తేలికగా అనేవాడో తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. పైగా కంప్యూటర్లో ఆ ముఖానికి సున్నం కొట్టినట్టు తెలుపు పులిమి, మచ్చలు తుడిచేసి, పెద్ద ఉపకారం చేసినట్టు నవ్వేవాడు.

నూకరత్నం అనే ఆవిడ అంగన్‌వాడీ టీచరు ఉద్యోగానికి అతని దగ్గరే ఫొటో తీయించుకుంది. ఆమెకు ఆ ఏడాదితో వయసు పరిమితి దాటిపోతుంది. సర్టిఫికెట్లు పరిశీలించే రోజున అధికారిణి ఫొటోనీ ఆమెనూ మార్చి మార్చి చూసింది.

"ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ అని నీ పదో తరగతి సర్టిఫికెట్లో ఉంది. నీ బుగ్గ మీదా ఉంది. ఫొటోలో లేదు. రంగు కూడా నీది కాదు. నేనెలా సంతకం పెట్టను? మూడింటిలోగా సరైన ఫొటో తీసుకురా. ఈ రోజు దాటితే నీ పేరు కొట్టేస్తారు" అంది.

అప్పటికే రెండు దాటింది. నూకరత్నం కోపంతో ఊగిపోతూ స్టూడియోకి వచ్చి ఫొటో బల్ల మీద పడేసింది.

"ఏటన్నయ్యా ఇది? నా పుట్టుమచ్చ ఏదీ?"

"అందంగా ఉంటుందని తీసేశాను. దానికింత గొడవెందుకమ్మా?"

"అందం నేనడిగానా? ఆ మచ్చ లేపోతే ఆఫీసులో నేను నేను కాదంట."

"సరే నిలబడు, ఇంకోటి కొడతాను" అని వరహాలరావు విసుక్కున్నాడు. మళ్లీ అదే గుడ్డ, అదే ఒక్క లైటు. ముఖం నల్లగా అలుక్కుపోయి మచ్చ అందులో కలిసిపోయింది. "మీ రంగు వాళ్లతో ఇదే చిక్కు" అంటూ అతను కంప్యూటర్ వైపు తిరిగాడు.

నూకరత్నం అడ్డంగా నిలబడింది. "దాని మీద చెయ్యేస్తే ఊరుకోను. నా మచ్చ కనపడాలి, నా రంగు నాకుండాలి. నీకు చేతకాదంటే చెప్పు, ఇంకో షాపుకి పోతాను."

చేతకాదన్న మాటకు వరహాలరావుకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆమెను గుడ్డకు నాలుగడుగులు ముందుకు జరిపాడు. గుడ్డకు విడిగా రెండు లైట్లు వేశాడు. ముఖానికి పక్కనుంచి ఏటవాలుగా ఒకటి వేసి, రెండోవైపు నీడ పడకుండా తెల్లటి థర్మాకోల్ అట్ట నిలబెట్టాడు. కెమెరాలోకి ఇంకాస్త వెలుతురు వచ్చేలా మీటలు తిప్పి ఫొటో తీశాడు. నిగనిగలాడే నల్లటి ముఖం, సూటిగా చూసే కళ్లు, బుగ్గ మీద మచ్చ, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి.

"చూశావా? ఇరవై ఏళ్ల అనుభవం" అన్నాడు గర్వంగా.

నూకరత్నం గోడ గడియారం చూసింది. "పది నిమిషాలు పట్టింది. అంటే ఇదంతా నీకు ముందే వచ్చు. వచ్చుండి కూడా చెయ్యలేదు. నా ముఖానికి పది నిమిషాలు దండగనుకున్నావు."

వరహాలరావు తల దించుకుని ఫొటోలు ప్రింటు తీసిచ్చాడు. ఆమె అవి తీసుకుని పరుగున ఆఫీసుకి వెళ్లింది. మూడింటికి ఐదు నిమిషాలుండగా అధికారిణి సంతకం పెట్టింది. ఆ ఉద్యోగం నూకరత్నానికే వచ్చింది.

ఇక్కడ స్టూడియోలో తమ వంతు కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఆమె అన్న మాటలన్నీ విన్నారు. ఒక్కొక్కరే లేచి, ఫొటో తీయించుకోకుండానే బయటికి నడిచారు. ఆగమని ఏ ముఖం పెట్టుకుని అడగాలో వరహాలరావుకి తెలియలేదు.

చేతకాక పని చెడగొట్టినవాణ్ణి క్షమించవచ్చు గానీ, చేతనైన పనిని ఎదుటి మనిషిని తక్కువచేసి చెడగొట్టినవాణ్ణి క్షమించకూడదు.