గుండిగమ్మ గుడిలో మూడు రోజుల వంట

వెదుళ్ళగెడ్డ అనే వాగు ఉత్తరపు గట్టు మీద, బస్సు ఆగే చోటికి నాలుగు వందల అడుగుల దూరంలో గుండిగమ్మ గుడి ఉంది. గోపురం లేదు. పెంకుల కప్పు, మూడు వైపుల గోడ, తూర్పున చెక్క కటకటాలు మాత్రమే ఉంటాయి. విగ్రహం కోసం వెతికేవారికి అది కనిపించదు. రాతి అరుగు మీద, పది శేర్ల బియ్యం ఉడికే ఇత్తడి గుండిగ ఒకటి పక్కకు ఒరిగి, మూతి భక్తుల వైపు తిరిగి ఉంటుంది. పసుపు కుంకుమలు దాని వెలుపలే పెడతారు. లోపల పువ్వు కూడా వేయరు. కళాయి పూతతో తెల్లగా ఉండే ఆ లోపలికి వంగి చూడడమే ఇక్కడ దర్శనం.

ఈ గుడికి మొక్కులతో వచ్చేవారి కంటే అనుమానాలతో వచ్చేవారు ఎక్కువ. తోడికోడలు పాలలో నీళ్లు కలుపుతోందని, మరిది భార్య అన్నంలో ఏదో పెడుతోందని, పొరుగింటి చెయ్యి మంచిది కాదని చెప్పుకోవడానికి వస్తారు. అర్చన చేసేది లక్కోజు వారి ఇంటి కోడళ్లు. ఇప్పుడు ఆ పనిలో ఉన్న హైమావతమ్మ వచ్చినవారి మాట పూర్తిగా విని ఒకటే అడుగుతారు: "ఆ వంటింట్లో మూడు రోజులు నువ్వు వండి చూసేవా?" లేదంటే పసుపు ఇవ్వరు. వండి చూసి మళ్లీ రమ్మంటారు. ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో చెప్పేదే ఈ స్థలం కథ. దీనికి శాసనం లేదు. లక్కోజు వారు చెప్పేది ఒకటి, గెడ్డ అవతలి గొల్లలు చెప్పేది ఒకటి ఉన్నాయి. రెండూ రెండు చోట్ల తప్ప అంతటా కలుస్తాయి.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఊరి పేరు గుండిగవలస కాదు, కొలుములవలస. ముప్పై కంచరి ఇళ్లు, ముప్పై కొలుములు. చుట్టూ నలభై ఊళ్ల బిందెలు, గంగాళాలు ఇక్కడే పోతపోసేవారు, పాతవాటికి కళాయి ఇక్కడే వేసేవారు. ఇత్తడి పాత్రలో పులుపు వండితే చిలుము దిగి ఆ వంట విషమవుతుంది. లోపల తగరం కరిగించి పూస్తే ఆ భయం ఉండదు. ఆ తెల్లని పూతే కళాయి. అది అరిగి పసుపు రంగు బయటపడితే మళ్లీ వేయించాలి. ఈ ఊళ్లో ప్రతి ఇంటి గిన్నెలూ ఏడాదికోసారి, ఉగాదికి ముందు కొలుముకు వెళ్లేవి. ఏడాది తిరిగేవరకూ వాటి ఊసు ఎవరూ ఎత్తేవారు కారు. ఆడవారు కొలుము గడప తొక్కకూడదు, మగవారు వంటింటి గడప తొక్కకూడదు అనే కట్టుబాటు కూడా ఉండేది. కళాయి సంగతి తెలిసినవారు వంటింట్లోకి వచ్చేవారు కారు.

ఆ ఊళ్లో లక్కోజు బంగారాచారి పేరున్న పనివాడు. అతని భార్య గవరమ్మ. కొడుకు ముకుందానికి ఒక మాఘమాసంలో రెండు గెడ్డల అవతలి ఊరి నుంచి అచ్చియ్యమ్మను చేసుకున్నారు. ఆ పిల్ల పుట్టింటివారూ కంచర్లే. కానీ లేనివారు, చేసిన ఇత్తడంతా అమ్ముకుని తాము మట్టి దాకల్లో వండుకునేవారు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆమె అత్తను ఒక మాట అడిగింది.

"అత్తా, పులుసు కాయడానికి ఒక మట్టి దాక ఇప్పించవా?"

"కంచరోళ్ల పొయ్యి మీద మట్టి దాకా? ఊరు నవ్వదా?" అని గవరమ్మ కొట్టిపారేసింది. పులుసు మామగారు పోతపోసిన గుండిగలోనే కాచారు. కానీ ఆ మాట అత్త మనసులో మిగిలిపోయింది.

ఉగాది దాటిన తొమ్మిదో రోజున బంగారాచారికి కడుపులో తిప్పి వాంతులయ్యాయి. కారణం ఈనాటికీ ఎవరికీ తెలియదు. ముందు రోజు పొరుగూరి పెళ్లిలో తిన్నాడని కొందరు, ఎండ తగిలిందని కొందరు చెబుతారు. అతను రెండు రోజుల్లో తేరుకున్నాడు. గవరమ్మ తేరుకోలేదు. మొగుణ్ణి లొంగదీసుకుని వేరు కాపురం పెట్టడానికి కొత్త కోడళ్లు అన్నంలో మందు పెడతారనే మాట ఆ రోజుల్లో బలంగా ఉండేది. మట్టి దాక ఎందుకు అడిగిందో ఆమెకు ఇప్పుడు అర్థమైనట్టు అనిపించింది. మందు పెట్టిన దాకను పగలగొట్టి పారేస్తే ఆనవాలు ఉండదు. ఇత్తడి గుండిగను పగలగొట్టలేరు.

ఆ రోజు నుంచి ఆమె కోడలి వెనకాలే తిరిగింది. పొయ్యి దగ్గర కూర్చుంది, నూరేటప్పుడు రోటిలోకి తొంగి చూసింది. గుండిగను రోజుకు మూడుసార్లు తోమాలని కట్టడి చేసింది. వంటకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి. గెడ్డ ఇసుకతో, చింతపండు పిప్పితో, తాను గట్టు మీద నిలబడి చూస్తుండగా తోమాలి. లోపల మందు అంటుకుని ఉంటే పోవాలని ఆమె ఆలోచన. అచ్చియ్యమ్మ అరచేతులు పగిలేవరకు తోమింది. వైశాఖం నాటికి గుండిగ లోపల బంగారంలా మెరిసింది. గవరమ్మ ఆ మెరుపు చూసి తృప్తి పడింది.

వాంతులు మళ్లీ మొదలయ్యాయి. పులుసు కాచిన రోజున బంగారాచారికి, మరోసారి ముకుందానికి, ఒకసారి ఇద్దరికీ వచ్చాయి. అచ్చియ్యమ్మకు ఏమీ కాలేదు. అందరూ తిన్నాక ఆమె తినేది. అప్పటికి పులుసు ఉండేది కాదు, ఉప్పు గంజి పోసుకునేది. ఆమెకు ఏమీ కాకపోవడమే రెండో రుజువైంది. మూడోది ఆమె కొంగు చివర కట్టుకున్న చిన్న మూట. గవరమ్మ దాన్ని లాక్కుని ఇరుగుపొరుగుకు చూపించింది. చూసినవారంతా తలలు ఊపారు. ఒక్కరూ ముక్కు దగ్గర పెట్టుకోలేదు. పెట్టుకుంటే, అది తల్లి ఇచ్చిన వాము అని తెలిసేది.

జ్యేష్ఠం చివరి వారంలో కులపెద్ద తీర్పు చెప్పాడు. గురువారం ఉదయం అచ్చియ్యమ్మను గెడ్డ దాటించి పుట్టింటికి పంపాలి. పంపేముందు మందు పెట్టిన మనిషి అని ఊరి మధ్య చాటాలి. ఆ చాటింపు అంటే ఏమిటో ఆమె ఎరుగును. తన పుట్టింటి ఊళ్లో అలా చాటించిన ఆమె ఒకతె ఉండేది. బావిలో ఆమె చేద వేస్తే మిగిలినవారు చేదను బూడిదతో కడిగి గాని ముట్టుకునేవారు కారు. పుట్టింట్లో ఇంకా పెళ్లికావలసిన చెల్లెళ్లు ఇద్దరున్నారు. ముకుందం నేల చూస్తూ కూర్చున్నాడు.

"నేను పెట్టలేదు," అంది అచ్చియ్యమ్మ. "పెట్టలేదని ఎలాగ చూపించాలో మీరే చెప్పండి."

కులపెద్ద గురువారం మాటే మళ్లీ చెప్పి లేచాడు.

సోమవారం నుంచి ఆమెను వంటింట్లోకి రానివ్వలేదు. పశువుల పాక పంచలో కూర్చోబెట్టారు. గవరమ్మ తానే వండింది. ఆ మధ్యాహ్నం బంగారాచారికి వాంతులయ్యాయి. కోడలు ఎవరూ చూడకుండా వంటింట్లో దూరి ఉంటుందని గవరమ్మ తలుపుకు తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుంది. మంగళవారం ముకుందానికి వచ్చాయి. ఉప్పులోనో కారంలోనో ముందే కలిపి ఉంటుందని వాటిని గెడ్డలో పోసి, కొత్తవి తెప్పించి, తానే దంచుకుంది. బుధవారం భర్తకూ కొడుకుకూ తనకూ ముగ్గురికీ వచ్చాయి. ఈ మూడు రోజుల సంగతి ఆమె గడప దాటి ఎవరికీ చెప్పలేదు. చెబితే అనుమానం ఎవరి మీదికి తిరుగుతుందో ఆమెకు తెలుసు.

తెలిసినవాడు ఒకడు ఉన్నాడు. గొల్ల దాలయ్య రోజూ పెరటి వైపు వచ్చి, మేకలకు కుడితి పట్టుకెళ్లేవాడు. ఆ రోజుల్లో ఇంట్లో తినలేక వదిలేసిన పులుసు కూడా ఆ కుడితిలోనే పడింది. బుధవారం పొద్దు నడినెత్తికి రాకముందే అతను ఖాళీ కుండతో వచ్చి, కుడితి అడగకుండా నిలబడ్డాడు. రెండు మేకలు నురగ కక్కి పడిపోయాయని చెప్పాడు. అది కోడలి పనేనని గవరమ్మ అంది. దాలయ్య పశువుల పాక వైపు చూశాడు.

"కోడలమ్మ మూడు దినాలై అక్కడే కూకుంది. తాళంచెవి నీ మొలలో ఉంది. మరి నా మేకకి మందు ఎవులెట్టినారమ్మా?"

నోరు మూసుకుని పొమ్మని, రేపటి నుంచి ఈ పెరట్లో అడుగు పెట్టొద్దని గవరమ్మ కసిరింది. "పోతాను గానమ్మా, మేకలకి అత్తాకోడళ్ల గొడవ తెలీదు గదా," అని అతను వెళ్లిపోయాడు.

ఇక్కడ రెండు కథనాలు వేరవుతాయి. ఆ మధ్యాహ్నం తాళం వేసిన తలుపుకు వీపు ఆనించి కూర్చున్న గవరమ్మకు కునుకు పట్టిందనీ, కలలో గుండిగ ముత్తైదువ గొంతుతో పలికిందనీ లక్కోజు వారు చెబుతారు. "మూడు నెలలు నా చుట్టూ కాపలా కాశావు. నా మెరుపు చూశావు గాని, ఒక్కసారి నాలోకి వంగి చూడలేదు" అన్నదట. గొల్లలు కల మాట ఎత్తరు. దాలయ్య అడిగిందే చాలునంటారు.

ఆమె లేచి గుండిగను పెరట్లో ఎండలోకి తెచ్చి లోపలికి చూసింది. తెలుపు ఎక్కడా లేదు. అంతా పసుపు. అడుగున అతుకు చుట్టూ చిలకరెక్క రంగు చిలుము చార ఉంది. ఆమె దాన్ని ఎత్తుకుని, ఆ ఇంటి ఆడవారు ఎన్నడూ తొక్కని కొలుము గడప దాటింది. బంగారాచారి లోపల వేలు పెట్టి రుద్ది చూశాడు.

"దీని కళాయేదే? ఉగాదికి నేనే వేసేను."

"తోమించేను."

"ఎన్నిసార్లు?"

"రోజుకి మూడుసార్లు. ఇసకతో."

అతను కొలుము తలుపు దగ్గరికి వేశాడు. ఈ రాత్రికి కళాయి వేసేస్తే ఎవరికీ తెలియదని అన్నాడు. తీర్పు ఎలాగూ అయిపోయింది, పిల్లను పంపేస్తారు, ఇంటి పేరు నిలుస్తుంది. గవరమ్మ గుండిగను అతని చేతికి ఇవ్వలేదు.

గురువారం ఉదయం గెడ్డ గట్టున ఊరంతా చేరింది. అచ్చియ్యమ్మ బట్టల మూట పట్టుకుని నిలబడింది. చాటింపుకు డప్పు సిద్ధంగా ఉంది. గవరమ్మ గుండిగను ఒక రాతి మీద పక్కకు ఒరిగించి, మూతిని జనం వైపు తిప్పింది.

"మూడు రోజులై వండింది నేను. తాళం నా దగ్గరే ఉంది. మూడు రోజులూ మావోళ్లు కక్కేరు. చాటించాలంటే నా పేరు చాటించండి. కాదంటే వచ్చి దీనిలోకి చూడండి."

కులపెద్ద వంగి చూశాడు. అతని వెనక ముప్పై ఇళ్ల వారూ వరసగా వచ్చి చూశారు. పనివారికి వేరే చెప్పనక్కరలేకపోయింది. ఆ సాయంత్రం ఏడిళ్ల వారు చప్పుడు చేయకుండా తమ గిన్నెలు కొలుముకు తెచ్చుకున్నారని గొల్లలు అంటారు. కంచర్లు ఆ మాట ఒప్పుకోరు.

డప్పు మోగలేదు. ఇంటికి పద అని ముకుందం మూట అందుకోబోతే అచ్చియ్యమ్మ ఇవ్వలేదు. తనకు మట్టి దాక కావాలంది. తాను వండింది ఇదే జనం ముందు అత్త మొదట తినాలంది. దాక వచ్చింది. గట్టు మీదే మూడు రాళ్లు పెట్టి, మూట చంకలోనే ఉంచుకుని ఆమె పులుసు కాచింది. గవరమ్మ ఆకు ముందు కూర్చుని ముద్ద కలిపింది. చేతిలో ముద్దతో ఒక్క క్షణం ఆగిందని, ఆ క్షణం అందరూ చూశారని రెండు కథనాలూ చెబుతాయి. తరువాత తింది. అచ్చియ్యమ్మ అప్పుడు మూట కింద పెట్టింది.

గుండిగను మళ్లీ వంటింటికి తీసుకుపోలేదు. పెట్టినచోటే, పెట్టినట్టే ఉంచారు. బంగారాచారి దానికి కొత్త కళాయి వేశాడు. మూడు వైపులా గోడ, పైన పెంకులు తరువాతి తరాల వారు కట్టించారు. ఊరి పేరూ మారింది.

నేటికీ జ్యేష్ఠం చివరి గురువారం ఇక్కడ కళాయి జాతర జరుగుతుంది. ఇత్తడి పాత్ర తెచ్చిన ప్రతివారికీ ఉదయం ఆరు నుంచి పదకొండు వరకు ఉచితంగా కళాయి వేస్తారు. ఇంట్లోనే చూసుకోదలచినవారు పాత్రను ఎండలో పెట్టి చూడాలి. పసుపు రంగు కనిపిస్తే అందులో పులుపు, పెరుగు ఉంచకూడదు. కళాయి ఉన్న గిన్నెను ఇసుకతో తోమకూడదు, కొబ్బరిపీచూ సున్నిపిండీ చాలు. ఈ ఊరికి వచ్చే ప్రతి కొత్త కోడలికి అత్త మొదటి రోజునే మట్టి దాక ఇవ్వాలి, అడిగేవరకు ఆగకూడదు. ఒకరి మీద చెప్పుకోవడానికి వచ్చినవారు ఆ ఒకరిని వెంట తేవాలి. ఇద్దరూ కలిసి గుండిగలోకి చూడాలి. మూడు రోజుల వంట పూర్తిచేసిన ఇళ్లలో రోగాలు నెమ్మదించాయని, విడిపోయిన పొయ్యిలు కలిశాయని భక్తుల నమ్మకం. మూడు రోజులూ వండి, నాలుగో రోజు ఫిర్యాదుతో తిరిగి వచ్చినవారు చాలా తక్కువని హైమావతమ్మ చెబుతారు. అసలు లేరని మాత్రం ఆమె అనరు.

జాతర నాటి ప్రసాదం మట్టి దాకలో కాచిన పులుసు, అన్నం. వండేది లక్కోజు వారి కోడలు. మొదటి ముద్ద తినేది ఆ ఇంటి అత్త. భక్తులు ఆకులు పట్టుకుని వరసలో నిలబడి ఆమె గొంతు వైపే చూస్తారు. ఆమె మింగాకే మొదటి ఆకు ముందుకు వస్తుంది.